చెంబెత్తి తాగే రోజులు పోయినయి



ఈసారి పంట ముచ్చట కాదు, నా ఒంటి ముచ్చట రాస్తున్న. జర పెద్దగనే ఉంటది, తీరికున్నప్పుడు చదువుండ్రి.

పోయిన ఏడాది మార్చిల నేను హైదరాబాద్‌ల బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్న. ఊర్ల సగం మందికి తెలుసు. మిగిలిన సగం మందికి "కడుపుల గడ్డ తీసిన్రంట" అని తెలుసు. సిగ్గుకు మేమే అట్ల చెప్పినం. ఇప్పుడు దాచుకునేది ఏం లేదు. ఈ నెలల ఇద్దరు ఫోన్ చేసిన్రు, ఒకాయనది గద్వాల దిక్కు, ఒకామెది కల్వకుర్తి దిక్కు. ఇద్దరూ అదే ఆపరేషన్‌కు పోతున్నరు. "నొప్పి ఎట్లుంటది? ఎన్ని కిలోలు తగ్గుతం?" అని అడిగిన్రు. ఆపరేషన్ అయినంక ఏం తాగాలె, ఏం తినాలె అని ఒక్కరు కూడ అడగలే. నేను పోయినప్పుడు నేనూ అడగలే. దానికి నాకు పడ్డ శిక్ష ఏందో చెప్పనీకే ఈ పోస్టు.

అప్పుడు నా బరువు 128 కిలోలు, ఎత్తు అయిదున్నర అడుగులు. షుగరు, బీపీ రెండూ ఉన్నయి. మోకాళ్లు వంగక మడిల దిగి ఏండ్లయింది. రాత్రి నిద్రల ఊపిరి ఆగినట్లయి లేచి కూసుంటుంటి. పెబ్బేరు సంతల ఒక్క చుట్టు తిరిగితే ఆయాసం. రాత్రి అన్నం బంద్ పెట్టిన, పొద్దుగాల నడిచిన, ఆరు కిలోలు తగ్గితే ఎనిమిది కిలోలు పెరిగిన. ఆఖరికి పల్లి అమ్మిన పైసలు కొన్ని, అప్పు కొంత కలిపి మూడున్నర లక్షల దాక పెట్టి చేయించుకున్న.

నాకు చేసిన దాన్ని స్లీవ్ అంటరు. మనం తిన్నది పోయి పడే సంచి ఉంటది కదా, జీర్ణాశయం, దాంట్ల దాదాపు 80 శాతం కోసి తీసేస్తరు. మిగిలింది అరటికాయ లెక్క సన్న గొట్టం. మొదట్ల దాంట్ల పట్టేది 100 నుంచి 150 మిల్లీలీటర్లు, అంటే ఒక చాయ్ గిలాస. ఇంకో రకం బైపాస్. దాంట్ల సంచిని ఇంకా చిన్నగ చేసి పేగును దానికే కలిపి కుడతరు. ఏది చేసినా సంచి చిన్నదయితది. కని ఒంటికి కావలసిన నీళ్లు, ప్రోటీన్ మాత్రం చిన్నగ కావు. అవి ఎప్పటిలెక్కనే కావాలె. ఈ ఒక్క మాట నా తలకెక్కలే.

డిశ్చార్జి రోజు డైటీషియన్ మేడమ్ ఒక కాగితం ఇచ్చి అరగంట చెప్పింది. మొదటి రెండు వారాలు పల్చటి ద్రవాలే. తర్వాత రెండు వారాలు మెత్తగ రుబ్బినవి. ఆ తర్వాత రెండు మూడు వారాలు మెత్తగ ఉడికినవి. ఆ తర్వాతనే మామూలు తిండి. రోజుకు 60 నుంచి 80 గ్రాముల ప్రోటీన్, ఒకటిన్నర నుంచి రెండు లీటర్ల నీళ్లు. నేను తల ఊపిన. కాగితం మడతపెట్టి జేబుల పెట్టుకున్న. ఇంటికొచ్చి గోడకున్న దేవుని ఫొటో ఎనుక చెక్కిన. అది అక్కడనే ఉండిపాయె.

మూడు వారాలకే నాకు నోరు ఊరబట్టింది. జొన్న రొట్టె లేకుండ ఎన్ని దినాలుంటం? ఇంటామె చూడకుండ ఒక ముక్క తిన్న. అది రొమ్ముల ఇరికినట్లయి, నోటి నిండ లాలాజలం, నురగ, ఆ ఎనుక వాంతి. అయినా బుద్ధి రాలే. వారం పొడుగూత ఏదో ఒకటి తినుడు, కక్కుడు. నీళ్లు తాగుదమంటే ఎప్పటిలెక్క చెంబెత్తి గటగట రెండు గుక్కలు పోసుకుంటే రొమ్ముల కత్తి దిగినట్లు నొప్పి. దాంతోటి నీళ్లంటేనే భయం పట్టింది. ఇంకోటి, ఆపరేషన్ తర్వాత నాకు ఆకలి పోయింది, దానితోపాటు దప్పి కూడ తగ్గింది. "దప్పి అయితలేదు, నీళ్లెందుకు?" అనుకున్న.

ఏప్రిల్ ఆఖరుల మా వడ్లు కొనుగోలు సెంటర్ల పోసినం. మీకు తెలుసు కదా ఆ సంబురం. తేమ దిగాలె, తాలు పోవాలె, గన్నీ సంచులు రావాలె, కాంటా కావాలె, లారీ రావాలె. కొడుకు లేడు, జీతగాడు లేడు, నేనే పోయి కూసున్న. పైన ఎండ, కింద పరదా మీద వడ్లు, రెండిట్ల నడుమ నేను. ఇంటామె సీసాల సల్ల పోసిచ్చింది. అది బండికి తగిలించిన సంచిలనే ఉండె. పొద్దుగాల్ల ఒక్కసారి మూత్రం పోసిన, అది చాయ్ డికాషన్ రంగు. మధ్యాహ్నం రెండుకు కాంటా వాళ్లు పిలిస్తే లేచిన. లేచినట్లే యాదికున్నది. తర్వాత యాదికున్నది వనపర్తి దవాఖాన్ల పైన తిరుగుతున్న ఫ్యాను.

అక్కడ సెలైన్ ఎక్కించి, రక్తపరీక్ష చూసి, క్రియాటినిన్ పెరిగింది, ఆపరేషన్ చేసిన కాడికి తీస్కపోండ్రి అన్నరు. రాత్రికి హైదరాబాద్ చేరినం. అక్కడ డాక్టర్ ముందుగాల అడిగిన మాట, "బీపీ గోళి ఏది వేస్తున్నవ్?" చూపించిన. అది మూత్రం ఎక్కువ పోయే మందు కలిసిన గోళి. ఆపరేషన్ అయినంక దాన్ని ఆపమని చెప్పిన్రు, కాగితంల రాసి కూడ ఇచ్చిన్రు. నేను అలవాటు కొద్ది పాత డబ్బాల నుంచి తీసి రోజూ వేసుకుంటున్న. పోసుడు తక్కువ, తీసుడు ఎక్కువ. కిడ్నీలు ఎండుడు మొదలైంది. తప్పు ఎవరిదో కాదు, నాదే.

ఇంకో సంగతి అక్కడ తెలిసింది. గ్లూకోజు ఎక్కించే ముందు బి1 విటమిన్ ఇంజెక్షన్ వేసిన్రు. దాన్నే థయమిన్ అంటరు. వారం, రెండు వారాలు ఆగకుండ వాంతులయితే ఒంట్ల బి1 అయిపోతది, కాళ్లు మొద్దుబారుతయి, నడక తప్పుతది, కండ్ల చూపు చెదురుతది, మతి తప్పుతది. పాతకాలం బెరిబెరి ఇదే లోపంతోటి వచ్చేది. మరపట్టిన తెల్ల బియ్యమే తినేటోళ్లకు ఎక్కువ వచ్చేది. మన దేశంల తిండి మీద పరిశోధన చేసే సంస్థ కూడ దాంతోనే మొదలైందంటే నాకు వింత అనిపించింది. 1918ల కూనూరుల బెరిబెరి మీద విచారణకు పెట్టిన చిన్న కేంద్రమే పెరిగి పెరిగి 1958ల హైదరాబాద్ వచ్చింది. ఇయ్యాల తార్నాకల ఉన్న జాతీయ పోషకాహార సంస్థ అదే. అందుకే చెప్తున్న, ఆపరేషన్ తర్వాత రెండు మూడు రోజులు వాంతులు ఆగకపోతే ఇంట్ల కూసోవద్దు. "అరుగుతలేదు, తగ్గిపోతదిలే" అనుకోవద్దు.

అయిదు దినాలు ఉంచిన్రు. కిడ్నీలు మల్ల దారికొచ్చినయి. ఇంటికొచ్చిన రోజు నా బిడ్డ దేవుని ఫొటో ఎనుక నుంచి ఆ కాగితం తీసింది. నోటుబుక్కు తెచ్చి కూసుంది.

"నాయినా, మన డ్రిప్పుల ఒక్క రంధ్రంల నుంచి గంటకు ఎన్ని నీళ్లు పడతయి?"

"రెండు లీటర్లది ఉంటది, నాలుగు లీటర్లది ఉంటది."

"దాన్నే ఒక్కసారి బకెట్ల పట్టి మొక్క మీద కుమ్మరిస్తే?"

"కారి కాలువలకు పోతది. మొక్కకేం అందుతది?"

"మరి నువ్వు చేస్తున్నదేంది?"

ఆమె లెక్క కట్టింది. మెలకువ ఉండేది 14 గంటలు. గంటకు 120 మిల్లీలీటర్లు, అంటే సగం గిలాసకు జర ఎక్కువ. 14 గంటలకు 1,680 మిల్లీలీటర్లు. ఎండల పని ఉన్ననాడు ఇంకా ఎక్కువ. ఒక లీటరు సీసాకు మార్కర్‌తోటి గీతలు గీసింది, గీత పక్కన గంట రాసింది. తొమ్మిది గంటలకు ఈ గీతకు దిగాలె, పదింటికి ఈ గీతకు. దప్పి అయిందా లేదా అన్న మాటే లేదు. గడియారం చూసి తాగుడే.

నేను నేర్చుకున్న పద్ధతి ఇది. ఒక్కొక్క గుక్క, చిన్నది, గుక్కకు గుక్కకు నడుమ నిమిషం. తినే అరగంట ముందు నీళ్లు ఆపాలె, తిన్న అరగంట దాక ముట్టొద్దు. లేకుంటే చిన్న సంచి నీళ్లతోటే నిండుతది, తిండికి జాగ ఉండదు. చల్లగ తాగితే పట్టేసేది నాకు, గోరువెచ్చగ తాగితే దిగేది. పల్చటి సల్లల జర ఉప్పు, చక్కెర లేని నిమ్మనీళ్లు, పల్చటి రసం, ఇవన్నీ లెక్కలకే వస్తయి. చక్కెర పానకాలు, గ్యాసు డ్రింకులు వద్దు. తీపి ఎక్కువయితే కొందరికి, ముఖ్యంగ బైపాస్ అయినోళ్లకు, చెమటలు, గుండెదడ, విరేచనాలు అయితయి. కల్లు, మందు అయితే పేరే తియ్యొద్దు, కొంచెం తాగినా చానా తొందరగ ఎక్కుతది.

మూత్రం రంగు చూసుకోండ్రి. లేత నిమ్మరసం రంగుంటే మంచిది. ముదురుతుంటే సీసా తియ్యాలె. డికాషన్ రంగు, నిలబడితే కండ్లు తిరుగుడు, నాలుక ఎండుడు, ఉత్తగనే గుండె కొట్టుకునుడు, ఇవి కనిపిస్తే దవాఖానకే.

ఇగ ప్రోటీన్ ముచ్చట. నీళ్ల సంగతి పది దినాలల తెలిసింది. ప్రోటీన్ సంగతి మూడు నెలలకు తెలిసింది. అప్పటిదాక నేను తాగింది జావ, పప్పుచారు, అంబలి. బరువు దడదడ తగ్గింది. ఊరంత "మస్తు తగ్గినవ్" అంటుంటే ఉబ్బిపోయిన. కని నాలుగో నెలల తల దువ్వితే దువ్వెన నిండ ఎంట్రుకలు. స్టార్టర్ పెట్టె మూత ఎత్తబోతే చేతులు వణుకు. ట్రాక్టర్ ఎక్కనీకే కాలు లేవలే. చెకప్‌ల మేడమ్ చెప్పింది, "కొవ్వే కాదు, కండ కూడ పోతున్నది. ప్రోటీన్ అందకపోతే ఒళ్లు తన కండనే కరిగించుకుని తింటది." ఎంట్రుకలు రాలుడు ఈ ఆపరేషన్ అయినోళ్లకు మూడో నెల నుంచి ఆరో నెల దాక మామూలేనంట, మల్ల వస్తయంట. కని ప్రోటీన్, ఐరన్ తక్కువైతే ఎక్కువ రాలుతయి, వచ్చుడు ఆలస్యమైతది.

"రోజూ పప్పు తింటున్న కదా మేడమ్" అన్న. అక్కడనే మనం మోసపోతం. కంది పప్పు 100 గ్రాములల 22 గ్రాముల దాక ప్రోటీన్ ఉన్న మాట నిజమే, కని అది ఎండు పప్పు. మనం 30 గ్రాముల పప్పు ఉడకేస్తే చిన్న కటోరి గట్టి పప్పు అయితది, దాంట్ల 6, 7 గ్రాములే. దాన్ని నీళ్లు పోసి పప్పుచారు చేసి ఒక గిలాస తాగితే రెండు మూడు గ్రాములు కూడ రావు. అంబలి, జావలది కూడ అదే లెక్క. అవి నీళ్ల ఖాతాల రాసుకోవాలె గని ప్రోటీన్ ఖాతాల కాదు.

నాకు పెట్టిన లెక్క రోజుకు 70 గ్రాములు. మా ఇంట్ల కుదిరిన తీరు ఇట్ల:

పొద్దుగాల రెండు ఉడకబెట్టిన గుడ్లు, ఒకటి ఏడింటికి, ఒకటి తొమ్మిదింటికి. 12 గ్రాములు.
పదకొండుకు ఒక గిలాస పాలల ప్రోటీన్ పొడి ఒక చెంచా, డాక్టర్ రాసిచ్చింది. రెండూ కలిపి 26 దాక.
మధ్యాహ్నం మెత్తగ ఉడికిన చేప 60 గ్రాములు. 12.
నాలుగింటికి పనీర్ 50 గ్రాములు. 9.
రాత్రి గట్టి పెసరపప్పు చిన్న కటోరి. 7.
పండుకునే ముందు గట్టి పెరుగు 100 గ్రాములు. 3.
మొత్తం 69.

ప్రోటీన్ పొడి డబ్బా పిరమే. మొదటి నెలల్ల అది తప్పలే, ఎందుకంటే గొంతుల దిగేది అదొక్కటే. తిండి పెరిగినకొద్ది పొడి తగ్గించిన. ఇప్పుడు వారంల రెండు మూడు దినాలు మీల్ మేకర్ తింటున్న. ఎండువి 20 గ్రాములు నానబెట్టి వండితే 10 గ్రాముల ప్రోటీన్. దానికంటే సస్తగ దొరికేది నాకు కనపడలే. జూరాల దిక్కు పోయినప్పుడు చేపలు తెచ్చుకుంటం. వేపుడు కాదు, పులుసుల ముక్క.

తినే వరుస కూడ మారాలె. పళ్లెంల ముందు గుడ్డో చేపో పప్పో. తర్వాత కూరగాయ. జాగ మిగిలితే రొట్టె, ఆఖరుకు అన్నం. మనం చేసేది దీనికి ఉల్టా. గంపెడు అన్నం, దాని మీద జర చారు. ఒక్కొక్క ముద్ద ఇరవై, ముప్పై సార్లు నమలాలె. ఒక కటోరికి ఇరవై నిమిషాలు. అయిదు నిమిషాలల తిని చేనుకు ఉరికే మనకు ఇది అన్నిటికన్న కష్టం. నేను ఇప్పటికీ మరుస్త, మరిచిన్నాడు రొమ్ముల పట్టేసి యాది చేస్తది.

ఈ లెక్క రాసుకుంట నాకొకటి మనసుకు తాకింది. మన మూడు జిల్లాల చేన్లల్ల పండేది ఏంది? పల్లి, కంది, పెసర, ఉలవ. పల్లిల 100 గ్రాములకు 25 గ్రాముల దాక ప్రోటీన్. ఉలవలల 22. నేను ఏటా ట్రాక్టర్ నింపి పల్లి వనపర్తి యార్డుకు తోలిన, వచ్చేటప్పుడు ఇంటికి సన్నబియ్యం తెచ్చుకున్న. భీమా, కల్వకుర్తి, నెట్టెంపాడు నీళ్లొచ్చినంక వరి పెరిగింది, మూడు పూటలా అన్నమే అయింది. పండించేది ఒకటి, తినేది ఒకటి. 128 కిలోలు ఊరికనే కాలే. ఇప్పుడు మా పల్లిల ఒక బస్తా అమ్మకుండ ఇంటికే ఉంచుతున్నం. అయితే పల్లిల సగం దాక నూనెనే ఉంటది, ఇష్టమొచ్చినట్లు తింటే పోయిన బరువు మల్ల వస్తది. రోజుకు ఒక పిడికెడు, 30 గ్రాములు, 7 గ్రాముల ప్రోటీన్. మొదటి రెండు నెలలు పల్లి గింజ నోట్ల ఏసుకోవద్దు, అరగదు, ఇరుకుతది. ఆ తర్వాత మెత్తగ నూరి చట్నీ చేసుకోవాలె.

గోళీల ముచ్చట రెండు ముక్కలల చెప్త. ఈ ఆపరేషన్ అయినోళ్లకు విటమిన్లు ఒక నెల, రెండు నెలల పని కాదు, బతికినన్ని దినాలు. బి12, ఐరన్, క్యాల్షియం, డి విటమిన్ తక్కువయితయి. క్యాల్షియం గోళి, ఐరన్ గోళి ఒక్కసారి వేసుకోవద్దు, రెండు గంటల తేడా ఉండాలె. మొదటి ఏడాది మూడు నాలుగు సార్లు, తర్వాత ఏడాదికి ఒకసారి రక్తపరీక్ష. షుగర్, బీపీ గోళీలు ఆపరేషన్ ముందు వేసుకున్న డోసే వేసుకుంట పోవద్దు, డాక్టర్ కొత్తగ రాయాలె. ఒళ్లు నొప్పులకు మనం కిరాణంల, ఆర్‌ఎంపీ కాడ కొనుక్కునే నొప్పి గోళీలు చిన్న సంచిల పుండ్లు చేస్తయి, అడగకుండ మింగొద్దు. ఇంకో మాట, నా 70 గ్రాముల లెక్క నాది. కిడ్నీ జబ్బున్నోళ్లకు లెక్క వేరే ఉంటది, మీ డాక్టర్ చెప్పిందే మీ లెక్క.

ఇంటోళ్లకు ఒక దండం. పెండ్లిల, తద్దినంల "ఇంకొక్క ముద్ద, నా మీద ఒట్టు" అని ఎయ్యకుండ్రి. మా అమ్మ మొదట్ల ఏడ్చేది, "నా కొడుకు పిట్ట లెక్క తింటున్నడు" అని. మేడమ్ కాడికి తీస్కపోయి ఆమెకు చెప్పించినం. ఇప్పుడు ఆమెనే "నీళ్లు తాగినవా కొడకా" అని గంట గంటకు అడుగుతది. ఆ అడిగేటోళ్లు ఒకరు ఇంట్ల ఉండాలె.

ఏడాది దాటింది. ఇప్పుడు 94 కిలోలున్న. షుగర్ గోళీలు రెండు నుంచి సగానికి వచ్చినయి. పోయిన నెల అదే కొనుగోలు సెంటర్ల మల్ల వడ్లు పోసినం. గీతల సీసా మెడల తగిలించుకుని కూసున్న. హమాలీ తమ్ముడొకడు "ఏం పటేలా, పాలసీసానా?" అని నవ్విండు. నవ్వనీ. కాంటా అయినంక 40 కిలోల బస్తా ఒకటి వానితోటి కలిసి నేనే ఎత్తిన. సీసా చూస్తే నాలుగు గంటల గీత కాడ ఉండె, టైము నాలుగుంబావు. పావుగంట ఎనుక పడ్డ. రెండు గుక్కలు తాగిన, చిన్నయి.

గద్వాల అన్నకు, కల్వకుర్తి అక్కకు ఒక్కటే చెప్తున్న. ఆపరేషన్ తారీఖు తీసుకునే ముందు మేడమ్ ఇచ్చే కాగితం అడిగి తీసుకోండ్రి. ఇంట్ల ఇంకొకరికి చదివి వినిపియ్యండ్రి. గోడకు చెక్కుతే దేవుని ఫొటో ఎనుక కాదు, ముందల చెక్కండ్రి.